ముందు పురుగులు తినాల

పోయిన నెల అనంతపురంలో కూతురింటికి వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పార్సిలు వచ్చింది. అట్టపెట్టె విప్పితే లోపల ఇంకో పెట్టె, అందులో పళ్ళు తోముకునే వేపపుల్లలంతటి చిన్న చిన్న పుల్లలు. ఏ హోమానికో సమిధలు తెప్పించుకున్నారేమో అనుకున్నాను. కాదట. నా మనవరాలు పెంచుకుంటున్న గినీ పందులు కొరుక్కోవడానికట. మందులు తగలని కొయ్య అనీ, చిన్న జంతువులకు పూర్తిగా సురక్షితం అనీ పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాలతో రాసి ఉందని చదివి చెప్పారు. మనవరాలు ఒక పుల్ల లాక్కుని బోను దగ్గరికి పరుగెత్తబోతే నా కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది. పుల్లను తీసుకుని విరిచింది. విరిచిన చోట వాసన చూసింది. గోటితో బెరడు గీకి మళ్ళీ వాసన చూసింది. ముప్పై దాటిన మనిషి, బ్యాంకులో పదిమంది మీద పెత్తనం చేసే మనిషి, ఆ పుల్ల చేత్తో పట్టుకుని నా వైపు తిరిగి, "అమ్మా, ఇయ్యొచ్చంటావా?" అంది. ఆ గొంతు నేను ఎరుగుదును. అది తొమ్మిదేళ్ళ పిల్లది.

ఆ గొంతు వెనకాల మా అత్త ఉంది. కదిరి నుంచి నల్లమాడ పోయే దారిలో బస్సు దిగి కొంత దూరం నడిస్తే మా ఊరు. చుట్టూ ఎర్రనేల, బోడి గుట్టలు, చెనిక్కాయ చేలు, అంటే వేరుశనగ. వాన వస్తే చెనిక్కాయ పండుతుంది, రాకపోతే చెనిక్కాయ గురించి మాటలు పండుతాయి. నా కాపురంలో మాటల పంటే ఎక్కువ చూశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అయితే వానలు వరసగా మొహం చాటేశాయి. అప్పుడు ఊళ్ళో పచ్చగా కనబడేది మా మల్బరీ తోట ఒక్కటే. దానికి ఒక బోరు ఉండేది. ఆ బోరు నీళ్ళు పోయడం తక్కువ, దగ్గడం ఎక్కువ. మామ పోయాక ఆ తోటా, పట్టుపురుగుల షెడ్డూ, వాటితో పాటు మేమూ అత్త చేతికిందికి వచ్చాము. మా ఆయన పేరుకు ఇంటి యజమాని. ఇంటిని నడిపింది మాత్రం అత్త భయం.

తెలియనివాళ్ళు ఆ భయాన్ని శుభ్రం అనేవాళ్ళు. పట్టుపురుగు అంత సుకుమారమైన ప్రాణి ఇంకోటి నేను చూడలేదు. పొలంలో మందు కొట్టిన చేత్తో ఆకు ముట్టుకుంటే చస్తుంది. పొగాకు నమిలే మనిషి దగ్గరికి వస్తే చస్తుంది. ఘాటైన వాసనకు చస్తుంది. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా, మన మీద కోపం వచ్చినట్టు చస్తుంది. నెల రోజులు పగలూ రాత్రీ మేపిన పంట మొత్తం ఒక్క పూటలో పచ్చని వాంతి చేసుకుని నల్లబడిపోవడం అత్త ఒకసారి కళ్ళారా చూసిందట. అప్పటినుంచి షెడ్డు గడప ముందు బ్లీచింగు కలిపిన సున్నం పొడి తొక్కి గాని ఎవరూ లోపలికి పోకూడదు. నా పెళ్ళైన కొత్తలో మొహానికి ఇంత పౌడరు రాసుకుని షెడ్డులోకి పోబోయాను. "ఏమ్మే, నీ మొగుడు యాడికీ పోడులే, మొకం కడుక్కోని రా పో" అని గడప దగ్గరే తిప్పి పంపింది. మామ ఎన్నేళ్ళు చెప్పినా మానని పొగాకును పురుగుల కోసం ఒక్క పూటలో మానేసిందట. ఆ సంగతి మామ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. కొంచెం నొచ్చుకునేవాడు కూడా.

ఒక పంట అయిపోయిందంటే మాకు రెండో పని మొదలు. షెడ్డు గోడలు కడగాలి, తట్టలు కడగాలి, చంద్రికలు కడగాలి. చంద్రిక అంటే పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి వీలుగా వెదురు బద్దలతో అల్లిన చాప. వాటన్నిటినీ ఫార్మాలిన్ కలిపిన మందునీళ్ళలో తడిపి ఆరబెట్టేవాళ్ళం. ఆ ఘాటుకు నాకు కళ్ళూ ముక్కూ కారిపోయేవి. అత్తకు మాత్రం ఆ వాసన ముక్కుకు తగిలితేనే గుండె కుదుటపడేది. మందులో తడిసిన వస్తువుకన్నా శుభ్రమైంది ఈ భూమ్మీద లేదని ఆమె నమ్మకం. అన్నం తినే కంచాలు కూడా అందులో ముంచుతుందేమోనని నాకు దిగులుగా ఉండేది.

ఇలాంటి ఇంటికి బెంగళూరు నుంచి మా మరిది రెండు గినీ పందుల్ని పట్టుకొచ్చాడు. నా కూతురు కుందేళ్ళు అడిగింది. అవి దొరకలేదో, బస్సులో ఇవే ఒదిగాయో తెలియదు. కుందేలంత పెద్దవి కావు, ఎలుకంత చిన్నవి కావు, తోక లేదు, చేతిలోకి తీసుకుంటే కువ్వుకువ్వుమని గొణిగేవి. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. నా కూతురు తెల్లదానికి బొరుగు అని, రెండోదానికి బెల్లం అని పేర్లు పెట్టుకుంది. ఊరంతా వచ్చి చూసి పోయారు. గుడ్లు పెడతాయా, పాలిస్తాయా, కోసుకుని తింటారా అని అడిగి, ఏదీ కాదని తెలిసి మమ్మల్ని జాలిగా చూశారు. అత్త మాత్రం మరిదినే చూసింది. "ఎలికలు పురుగులు తింటాయని ముప్పై ఏండ్లుగా బోన్లు పెట్టి సంపుతాండా. నువ్వు బోనులో పెట్టి ఎలికల్ని తెస్తివి" అంది. అవి గడ్డి తప్ప ఏమీ తినవని మరిది ఎంత చెప్పినా ఆమె వినలేదు. షెడ్డుకు ఎంత దూరమైతే అంత మంచిదని వాటి బోనును ముందు వరండా మూలకు నెట్టించింది.

తెల్లవారగానే అవి బోను చెక్కను కొరికేవి. కరకర, కరకరమని ఆ చప్పుడు వినబడగానే అత్త ఉలిక్కిపడి లేచి షెడ్డు వైపు పరుగెత్తేది. ఎలుక దూరిందనుకునేది. రోజూ తెలుసు, అయినా రోజూ పరుగెత్తేది. ఆమె పరుగు చూసి నా కూతురు పడీ పడీ నవ్వేది. కొన్నాళ్ళకు అత్తకు ఆ ప్రాణుల మీద కోపం కరిగింది. ఆమె చీర కుచ్చెళ్ళు కనబడితే చాలు రెండూ ముందుకాళ్ళు ఎత్తి కేకలు పెట్టేవి. వాకిట్లో తనను చూసి అంత సంబరపడేవాళ్ళు మామ పోయాక ఎవరూ లేరని ఒకసారి తనే అంది. బోను చెక్కకు రంగు వేసి ఉంది, ఆ రంగు పొట్టలోకి పోతే ఎట్లా అని మొదట భయపడింది కూడా ఆమే. కొరకడానికి వాటికి వేరే ఏదైనా ఇవ్వాలని ఆమెకే తోచింది.

ఏమివ్వాలి? వాకిట్లో గన్నేరు ఉంది, అది విషమని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. గట్ల మీద జిల్లేడు ఉంది, దాని పాలు కంట్లో పడితేనే ప్రమాదం. ఆముదం చెట్లు, కానుగ చెట్లు ఉన్నాయి. పశువులు మూతి పెట్టని చెట్టును వీటికి పెట్టనంది అత్త. పోయిన ఏటి చెనిక్కాయ కట్టె, అంటే కాయలు తెంచాక మిగిలిన ఎండుమొక్కలు, వాములో ఉంది గాని, అకాలంలో పడ్డ ఒక వానకు తడిసి బూజు వాసన వేస్తోంది. మల్బరీ పురుగుల సొత్తు, ఆ కరువులో పుల్ల కూడా ఎవరూ ముట్టడానికి లేదు. ఇన్ని లెక్కలు చూసి, ఇన్ని అనుమానాలు పడి, చివరికి అత్త తన ఇంట్లోకెల్లా శుభ్రమైన వస్తువును వాటికి ఇచ్చింది. విరిగిపోయిన ఒక చంద్రికలోంచి వెదురు బద్దలు ఊడదీసి, నునుపుగా గీకి, బోనులో పెట్టింది. "మొన్ననే మందులో తడిపినాము, ఒక్క పురుగూ పుట్రా ఉండదు, కొరుక్కోండి" అంది. బొరుగు వాసన చూసి వెనక్కి పోయింది. బెల్లం ఆశపోతుది, అది కొరికింది.

మరుసటి రోజు పొద్దున చప్పుడు వినబడలేదు. బెల్లం మూలకు ముడుచుకుని ఉంది, నోటి నుంచి చొంగ కారుతోంది. సాయంత్రానికి పోయింది. మా ఆయన సైకిలు మీద పోయి తీసుకొచ్చిన పశువుల డాక్టరు మంచివాడు. ఆవుల్నీ మేకల్నీ తప్ప ఇలాంటివాటిని ఎప్పుడూ చూడలేదని ముందే చెప్పాడు. బెల్లం ఏ కారణంతో పోయిందో తేల్చలేనన్నాడు. వెదురు బద్దను ముక్కు దగ్గర పెట్టుకుని తల తిప్పేసి, ఇది మాత్రం ఇంకెప్పుడూ ఇవ్వొద్దన్నాడు. బోనులో మిగిలిన బొరుగు నోరు తెరిచి చూసి ఇంకో మాట చెప్పాడు. ఈ జాతి ప్రాణికి ముందు పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడక, మేత నమలలేక చస్తుందన్నాడు. దీని పళ్ళు అప్పటికే కొంచెం పొడుగైనాయన్నాడు.

బెల్లం పోయిన భయంతో నా కూతురు బోనులోంచి చెక్క అనేదే లేకుండా చేసింది. ఇనపజల్లెడ కింద బొరుగును పెట్టి, నానబెట్టిన సెనగలూ, గడ్డిపోచలూ తన చేత్తో తినిపించేది. ఆ గడ్డిని కూడా రెండుసార్లు కడిగేది. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దాని పెదవి ఎత్తి పళ్ళు చూసేది. పళ్ళు పెరుగుతున్నాయి. సెనగ నోట్లో పెట్టుకుని జారవిడుస్తోంది. "ఇస్తే సస్తాది, ఇయ్యకపోతే సస్తాది, ఏం సెయ్యాలమ్మా?" అని అడిగేది. పిల్ల అన్నం మానేసింది. కంచం ముందు కూర్చుని ముద్దను వాసన చూసి పక్కన పెట్టేది. గినీ పంది పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. నా బిడ్డ అన్నం వాసన చూడటం మొదలుపెట్టిందే, ఆ భయం ఎక్కడిదాకా పోతుంది? తెల్లవారుజామున ఆ కరకర వినబడక, అత్త ఉలిక్కిపడి లేవడం మానేసి, ముందే మేలుకుని పడుకుని ఉండేది.

అత్త ఆ వెదురు బద్ద గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. చంద్రికలు తడపడం మాత్రం మా ఆయనకు అప్పజెప్పి పక్కకు తప్పుకుంది. ఒకరోజు పొద్దున ఆమె వాకిట్లో కూర్చుని కొడవలి నూరుకుంటుంటే నా కూతురు ఎదురుగా పోయి నిలబడింది. కోపం లేదు, ఏడుపు లేదు. "అవ్వా, పుల్ల ఏదైనా ఇద్దామా? ఈసారి మాత్రం కడగొద్దవ్వా" అంది. అత్త చెయ్యి కొడవలి మీదే ఆగిపోయింది. తల ఎత్తి, "ఈసారి నా మాట మీద ఇయ్యొద్దు పాపా. నీ మాట మీదా ఇయ్యొద్దు. ముందు పురుగులు తినాల" అంది.

మాకు అది కొత్త సంగతి కాదు. ఆకు మీద అనుమానం వస్తే పురుగులు పెంచేవాళ్ళు చేసే పనే అది. కొన్ని పురుగుల్ని వేరే తట్టలో వేసి, ఆ ఆకు పెట్టి, కనిపెట్టుకుని ఉంటారు. వాటికేమీ కాకపోతే మిగతావాటికి వేస్తారు. అత్త దాన్ని పుల్లకు వాడుదామంది. ఏ కొమ్మ ఆకు పురుగు తిని బతికిందో ఆ కొమ్మ పుల్లే బొరుగుకు ఇవ్వాలి. మల్బరీ పుల్లను ముట్టనియ్యని మనిషి, పంట చివరి దశలో, నాలుగో జ్వరం నుంచి లేచి ఆవురావురుమంటున్న పురుగుల్ని ఒక ఎలుకకోసం పణం పెట్టడానికి ఒప్పుకుందంటే మా ఆయన నమ్మలేదు. జ్వరమంటే పురుగు మేత మాని పడుకుని చర్మం విడిచే కాలం, నాలుగోది దాటితే గూడు కట్టడానికి ఇక వారమే. అత్త తోటకు పోయి, గట్టు పక్క సాళ్ళలో లేత బెరడున్న కొమ్మ ఒకటి కోసుకొచ్చింది. అక్కడ ఆకు దట్టంగా ఉంటుందని మా ఆయన పొద్దున మేతకు కోసిందీ ఆ సాళ్ళలోనే. ఆ గంప షెడ్డులో తడిగోనె కింద ఉంది.

వరండాలో ఒక చిన్న తట్టలో పిడికెడు పురుగుల్ని వేసి ఆకు పరిచింది. నా కూతురు తట్ట ముందు గొంతుక్కూర్చుంది. పురుగులు ఆకు మీద పడి సన్నవాన కురిసినట్టు చప్పుడు చేస్తూ తిన్నాయి. చూస్తుండగానే ఆకులో సగం పోయింది. పిల్ల మొహం విప్పారింది. ఇక ఇచ్చేద్దామా అని అడిగింది. అత్త వద్దని తల ఊపింది. అంతలో ఒక పురుగు తినడం ఆపి తల పైకెత్తింది. అటూ ఇటూ ఊపింది. దాని నోటి నుంచి పచ్చటి నీరు కారింది. పక్కది కూడా తల ఎత్తింది. తర్వాత తట్ట నిండా తలలు ఊగడం మొదలైంది. నేను అత్త వైపు తిరిగాను. కాళ్ళకు సున్నం తొక్కుకోకుండా, ఆ గడపను ఏనాడూ అలా దాటని మనిషి, నేరుగా షెడ్డులోకి నడిచిపోయింది. మా ఆయన గంప తెరిచి అప్పటికే కింది వరస తట్టల్లో మేత వేసి పై వరసకు చెయ్యి చాస్తున్నాడు. అత్త ఆ తట్ట మీద రెండు చేతులూ పరిచి అడ్డం పెట్టింది. "ఎయ్యొద్దురా. ఆకులో విషముండాది" అంది.

కింది వరస పోయింది. పై వరసలన్నీ నిలిచాయి. బొరుగు పళ్ళు పొడుగు కాకపోతే, నా కూతురు అవ్వను ఆ మాట అడగకపోతే, ఆ పూటకు ఒక్క పురుగూ మిగిలేది కాదు. గట్టు అవతలి చేనువాళ్ళు చెనిక్కాయకు గొంగళిపురుగు పడిందని తెల్లారకముందే మందు కొట్టారు. ఆ కాలంలో మా ప్రాంతంలో గాలి ఒక్క క్షణం ఆగదు, మందంతా మా సాళ్ళమీదికి కొట్టుకొచ్చింది. ముందుగా అత్తకు చెబుదామనుకుని, గాలి మా తోట వైపు కాక అవతలికే పోతోంది కదా అని మానుకున్నాడట ఆ చేను మనిషి. విషయం తెలిసి వచ్చి వరండా కింద నిలబడ్డాడు. "అక్కా, గాలి ఇట్లా తిరుక్కుంటాదని నాకేం తెలుసక్కా" అన్నాడు. అత్త ఒక యుద్ధం చేస్తుందనుకున్నాం. ఆమె, "నువ్వు నీ పంట నిలబడాలని కొడితివి. నేను శుభ్రంగా ఉండాలని కడిగితిని. పోయిన ప్రాణాలు పోయినాయి. ఈసారి కొట్టేముందు ఒక కేక ఎయ్యప్పా" అంది. బెల్లం గురించి ఆమె నోరు విప్పింది అప్పుడే. లోపల తలుపు పక్కన నిలబడ్డ నా కూతురు విన్నది.

పంట గండం గడిచింది గాని బొరుగు గండం అలాగే ఉంది. అత్త తోటలోని పాడుబడ్డ బావి గడ్డ పక్కన, గాలి తగలని వంపులో ఉన్న సాలు నుంచి ఇంకో కొమ్మ తెచ్చింది. ఇంకో పిడికెడు పురుగులు. ఈసారి తట్ట ముందు అత్తా మనవరాలూ ఇద్దరూ కూర్చున్నారు. నేను వంట చేస్తూ తొంగి తొంగి చూశాను. పురుగులు తిన్నాయి, పడుకున్నాయి, మళ్ళీ తిన్నాయి. పొద్దు వాలింది. తెల్లారాక కూడా అవి నవనవలాడుతూ ఆకుకోసం వెతుక్కుంటున్నాయి. అత్త ఆ కొమ్మను ముక్కలుగా నరికింది. కడగలేదు. ఒక ముక్క బెరడును తన పంటితో కొంచెం కొరికి నమిలి, కాసేపు ఆగి, ఉమ్మేసింది. రెండో ముక్కను నా కూతురి చేతిలో పెట్టింది. పిల్ల పుల్లను బోనులోకి జొనిపింది గాని వేళ్ళు వదలడం లేదు. అత్త ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటీ విప్పింది. బొరుగు వచ్చి వాసన చూసింది. అది వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, పుల్లను ముందుకాళ్ళతో తొక్కిపట్టి, కరకర, కరకరమని మొదలుపెట్టింది. "కొరుకు తల్లీ" అంది అత్త చాలా మెల్లగా. ఆ రాత్రి నా బిడ్డ వాసన చూడకుండా అన్నం తింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆనాటి నుంచి మా ఇంట్లో అదే ఆచారమైపోయింది. పంట ఉన్న రోజుల్లో పురుగులు తిన్న కొమ్మలే బొరుగుకు వచ్చేవి. పంటకూ పంటకూ మధ్య షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఎట్లా అని, అత్త ముందుగానే పురుగులు తిన్న కొమ్మల పుల్లల్ని కట్టలు కట్టి దూలానికి వేలాడదీసేది. అరటినార కట్టు ఉంటే పురుగులు తిన్నవి, కట్టు లేకపోతే ముట్టకూడదు. బొరుగు చాలా ఏళ్ళు బతికింది, ముసలిదై, ఒక మధ్యాహ్నం అత్త చీర చెంగు మీద పడుకుని పోయింది. తర్వాత బోరు దగ్గడం కూడా మానేసింది. మల్బరీ మొదళ్ళు పెరికేశాము, షెడ్డులో ఇప్పుడు టమోటా పెట్టెలు ఉన్నాయి. అత్త పోయాక ఇల్లు సర్దుతుంటే దూలానికి ఒక కట్ట ఇంకా వేలాడుతూ ఉంది. ఎండి పేలికలైన నార ముట్టుకోగానే తెగింది. ఆ పుల్లలు పారెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, ఇప్పటికీ నా బీరువాలో చీరల కింద ఉన్నాయి.

ఆ రోజు అనంతపురంలో కూతురు అలా అడిగితే నేను ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాను. పెట్టె మీద రాసింది అబద్ధమని కాదు, మంచివాళ్ళే రాసి ఉంటారు. కానీ మాకోసం ముందుగా తిని చూసిన పురుగులు ఆ పెట్టెలో లేవు. నా కూతురు పుల్ల చివర తన పంటితో కొరికి, నమిలి, కళ్ళు మూసుకుని ఆగింది. అవ్వ అలా చేయడం అది ఇంకా గుర్తుపెట్టుకుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మనవరాలు నవ్వింది. కాసేపటికి బోనులోంచి కరకరమని చప్పుడు వచ్చింది, మేమిద్దరం మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ భయం పోతుందనుకున్నాను. కాలం దాన్ని తీసుకుపోలేదు, మా అత్త నోట్లోంచి నా కూతురి నోట్లోకి మార్చి తన దారిన తాను పోయింది.